ఇంటి పనివారి సెలవు ఎవరి చేతిలో ఉంది?

క్రిస్మస్ దగ్గరపడుతుంటే మన గోదావరి జిల్లాల సంఘాల్లో, కడప, రాజంపేట వైపు సంఘాల్లో ఒక ప్రార్థన మనవి తప్పక వస్తుంది: కువైట్‌లో ఇంటి పని చేసే అమ్మకు ఈసారైనా సెలవు దొరకాలని. ప్రార్థిస్తాము. దానితోపాటు ఆ కుటుంబాలకు ఒక సంగతి చెప్పవలసి ఉంది. ఆ సెలవు చట్టంలోనే ఉంది.

కువైట్ సాధారణ కార్మిక చట్టం ఇంటి పనివారిని పక్కన పెట్టింది. వారి కోసం 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. దాని ప్రకారం ఏడాదికి 30 రోజుల సెలవు, అదీ జీతంతో. చాలామంది సెలవంటే ఆ నెల జీతం పోయినట్టే అనుకుంటారు, అది పొరపాటు. వారానికి ఒక రోజు విశ్రాంతి, రోజుకు 12 గంటలు మించని పని, ఒప్పందం ముగిశాక పనిచేసిన ప్రతి ఏడాదికి ఒక నెల జీతం కూడా రావాలి. పాస్‌పోర్టు యజమాని దాచుకోకూడదు.

అయితే వీసా యజమానితో ముడిపడి ఉన్నప్పుడు, నాలుగు గోడల మధ్య ఉన్న మనిషి ఇవన్నీ అడగడం తేలిక కాదు. కాబట్టి బయలుదేరే ముందే ఒప్పందం నకలు ఒకటి ఇంట్లో ఉంచుకోండి.

ఇక మన ఇళ్ల సంగతి. ఇంటి పనివారి హక్కులపై 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 189వ ఒడంబడికకు మన దేశం అనుకూలంగా ఓటేసింది కాని, ఆమోదించి అమలులోకి తేలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2007లో కనీస వేతనాలు ప్రకటించింది. ఇంటి పనివారికి చట్టం అవసరమేమో పరిశీలించే కమిటీని వేయమని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. అంతవరకు పనిమనిషి సెలవు మన నోటి మాటే. ఆమె ఊరెళితే జీతం కోస్తాము. మనం ఊరెళ్లినా, పని లేదు కదా అని కోసేవాళ్లున్నారు.

ఆదివారం ఆరాధనకు ఆలస్యం కాకూడదని ఆమెను ఆరింటికే రమ్మంటాము. ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయంలో విశ్రాంతి దినపు ఆజ్ఞ, దాసదాసీలు కూడా యజమానిలాగే విశ్రమించాలని కారణం చెప్పి మరీ అడుగుతుంది.

వారానికి ఏ రోజు సెలవు, ఏడాదికి జీతంతో ఎన్ని రోజులు అన్నది ఆమెతో కూర్చుని మాట్లాడి, కాగితం మీద రాసి ఒక ప్రతి ఆమెకివ్వండి. సెలవు రోజుల్లో బదులు మనిషిని చూసుకునే బాధ్యత ఆమె మీద పెట్టకండి. మా ఇంట్లో ఈ కాగితం రాసుకున్నది పోయిన ఏడాదే. ఆమె మా ఇంట్లో పని మొదలుపెట్టి అప్పటికే పదకొండేళ్లు.