ప్యాలెస్ లోపలే ఊరు: స్ప్లిట్ పాతబస్తీ
ఈరోజు క్రొయేషియా సముద్ర తీరంలోని స్ప్లిట్ పాతబస్తీ చూద్దాం. ఇక్కడ ప్యాలెస్ పక్కన ఊరు కాదు, ప్యాలెస్ లోపలే ఊరు! రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ క్రీ.శ. 305లో సింహాసనం వదిలేసి ఇక్కడ సెటిలయ్యాడు. 7వ శతాబ్దంలో దాడులకు భయపడి సలోనా నగరం నుంచి పారిపోయొచ్చిన జనం ఈ గోడల మధ్యే కాపురం పెట్టారు. ఇప్పటికీ లోపల జనం ఉంటున్నారు.

మూడు మాత్రం మిస్ అవ్వకండి. ఒకటి, పెరిస్టైల్ అనే నడిమి చౌక్‌లో ఈజిప్టు నుంచి తెచ్చిన నల్లరాతి స్ఫింక్స్. రెండు, పక్కనే కేథడ్రల్. అది అసలు డయోక్లీషియన్ సమాధి! ఆయన కాలంలో చంపేసిన బిషప్ డొమ్నియస్ పేరుతోనే దాన్ని పిలుస్తారు. మూడు, నేలమాళిగలు. పైన రాజుగారి గదులు చాలావరకు పోయినా, వాటి ప్లాన్ కింద కనిపిస్తుంది.

వీధుల్లో తిరగడానికి టికెట్ లేదు. కానీ పైన బట్టలు ఆరేసి ఉన్నాయంటే అది ఒకరి ఇల్లు. రాత్రిపూట కాస్త గొంతు తగ్గించండి!