కణము మొదలు కొండవాగు వరకు: కొరాపుట్, రాయగడ సీమలు అడుగు జీవశాస్త్ర ప్రశ్నలు

ఆంధ్ర విశ్వకళాపరిషత్తులోని విజ్ఞానశాస్త్ర కళాశాల జయపుర ప్రభువగు విక్రమదేవ వర్మగారి పేర వెలసినది. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రములో చేరువరకు కొరాపుట్, రాయగడ ప్రాంతములు విశాఖపట్టణము జిల్లాలోనివే. 1992లో రాయగడ ప్రత్యేకమగు జిల్లా అయినది. తెలుగువారి శాస్త్రవిద్యకు ఇంత చేయూత నిచ్చిన ఈ సీమ, నేటి విద్యార్థికి ఆ శాస్త్రమును బోధించుటకు వలసిన ఉదాహరణములను గూడ తనయందే కలిగియున్నది.

ఇచ్చటి తెలుగు విద్యార్థి కష్టము రెండు విధములు. మొదటిది భాష. తెలుగులో ‘జీవకణము’ అని నేర్చినదానిని ఒడియా పుస్తకము ‘జీవకోష’ మనును; కళాశాలలో అదియే ‘సెల్’ అగును. ఒడియాలో ‘కణ’ మన్నచో రేణువు. తెలుగులో ‘కోశ’ మన్నచో నిఘంటువు, ఒర అను అర్థములు ముందుగా తోచును. మూడు పేర్ల నడుమ వస్తువు మరుగుపడును. రెండవది ప్రశ్నల తీరు. కణమునకొక ప్రకరణము, అనువంశికమునకొక ప్రకరణము, ఆవరణ వ్యవస్థకొక ప్రకరణముగా విభజింపబడిన ప్రశ్నలకు విద్యార్థి విడివిడిగా సమాధానములు కంఠస్థము చేయును. వానిని కలుపు సూత్రము నెరుగడు. ఒక్క విషయమును పట్టుకొని అన్ని మెట్లును ఎక్కినచో ఈ రెండు కష్టములును తగ్గును. అట్టి విషయము ఈ కొండలలోనే కలదు. అది కొడవలి కణ వ్యాధి. దానితో ముడిపడినది మలేరియా.

మొదటి ప్రశ్న: ఎర్ర రక్తకణము ఆకారము మారినచో ఏమి నష్టము? సహజమైన కణము గుండ్రముగను, మెత్తగను ఉండి సన్నని నాళములలో వంగి సాగిపోవును. వ్యాధిగ్రస్తుని కణములో ప్రాణవాయువు తగ్గినప్పుడు హీమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అంటుకొని పొడవైన పోగులగును. కణము కొడవలివలె వంగి బిరుసెక్కును. అది నాళముల నడ్డుకొనుటచే తీవ్రమైన నొప్పి కలుగును. సహజ కణము సుమారు 120 దినములు జీవించును. కొడవలి కణము 10 నుండి 20 దినములలో నశించును. రక్తహీనతకు ఇదియే కారణము.

రెండవ ప్రశ్న: ఈ మార్పునకు మూలమేది? హీమోగ్లోబిన్‌లోని బీటా గొలుసునందు 146 ఎమినో ఆమ్లములు కలవు. వానిలో ఆరవ స్థానమున గ్లూటామిక్ ఆమ్లమునకు బదులు వాలీన్ వచ్చి చేరినది. జన్యువులో ఒక్క అక్షరము మారుటచే ఇది సంభవించినది. ఒక్క గుణింతము తప్పినచో పదమే మారిపోవునని ఎరిగిన తెలుగు బాలునకు ఈ సంగతి కొత్తగా తోచదు.

మూడవ ప్రశ్న: తల్లిదండ్రులిరువురును ఈ జన్యువును ఒక్కొక్కటి చొప్పున మోయు వాహకులైనచో బిడ్డలెట్లుందురు? ప్రతి కాన్పునందును బిడ్డకు వ్యాధి కలుగుటకు నాలుగింట ఒక వంతు, వాహకత్వము కలుగుటకు సగము, రెండును లేకుండుటకు నాలుగింట ఒక వంతు అవకాశము. విద్యార్థులు తరచుగా పొరబడునది ఇచ్చటనే. మొదటి బిడ్డకు వ్యాధి కలిగినది గావున తక్కిన ముగ్గురికి భయము లేదని తలచుట తప్పు; ప్రతి కాన్పునకును లెక్క మరల మొదటినుండి ఆరంభమగును. వ్యాధిగల బిడ్డ పుట్టినచో కోడలినే నిందించుట అంతకంటె పెద్ద తప్పు. ఆ బిడ్డకు జన్యువులు ఇరువైపులనుండియు వచ్చినవి.

నాలుగవ ప్రశ్న: ఇంత హానికరమగు జన్యువు తరతరములుగా నశింపక ఏల నిలిచినది? దీనికి దారి చూపినవాడు జె.బి.ఎస్. హాల్డేన్. తలసీమియా వంటి రక్తదోషములు మలేరియానుండి కొంత రక్షణ నిచ్చుటచేతనే నిలిచియుండునని ఆయన 1949లో సూచించెను. 1954లో ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో కొడవలి కణ వాహకుల విషయమున ఈ భావమును బలపరచెను. వాహకునకు మలేరియా రాకపోదు. కాని ప్రాణాంతకమగు తీవ్రస్థితి అరుదుగా కలుగును. మలేరియా బలముగానున్న చోట ఈ లాభము జన్యువును నిలిపినది. హాల్డేన్ తన చివరి సంవత్సరములు భువనేశ్వరములో గడిపి 1964 డిసెంబరు 1న మరణించెను. ఆయన కోరినట్లు ఆయన దేహము వైద్యవిద్యార్థుల అధ్యయనమునకై కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేరినది. ఒడిశాకును ఆంధ్రమునకును జీవశాస్త్రము వేసిన ముడి ఇది.

ఐదవ ప్రశ్న: మలేరియా ఒక మనుష్యుని నుండి వేరొకనికి ఎట్లు చేరును? 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ సికింద్రాబాదులో దోమ జీర్ణాశయపు గోడయందు పరాన్నజీవిని కనుగొనెను. పరాన్నజీవి మనుష్యుని కాలేయమునందును రక్తకణములందును వృద్ధినొందును. దాని లైంగిక సంయోగము మాత్రము ఆడ అనాఫిలిస్ దోమ కడుపులో జరుగును. కావున ఈ జీవితచక్రమునకు ఇరువురు ఆతిథేయులు కావలయును.

ఆరవ ప్రశ్న: ఈ దోమ ఎచ్చట పుట్టును? మురుగుగుంటలోనని విద్యార్థి వెంటనే వ్రాయును. కొరాపుట్ కొండలలో మలేరియాను ముఖ్యముగా వ్యాపింపజేయు అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ అట్టిది కాదు. మెల్లగా పారు తేటనీటి వాగుల అంచులను ఆశ్రయించును. అడవి, వాగు, మడి, ఇల్లు అనువానిలో ఏ ఒక్కటి మారినను దోమ బ్రతుకు మారును. ఆవరణ వ్యవస్థ యనగా ఇదియే. 2017లో ఒడిశా ప్రభుత్వము ఆరంభించిన ‘దమన్’ కార్యక్రమమున మారుమూల గ్రామములలో జ్వరము లేనివారికి గూడ రక్తపరీక్ష చేసి మందులిచ్చిరి. ఏలనన, లక్షణములు లేని మనుష్యుని రక్తమునుండియు దోమ పరాన్నజీవిని గ్రహింపగలదు.

ఇక చివరి ప్రశ్న: మలేరియా పూర్తిగా తొలగినచో కొడవలి కణ జన్యువు ఏమగును? వాహకునకు గల లాభము పోవును. జన్యువు క్రమముగా తగ్గును. కాని దానికి అనేక తరములు పట్టును. అంతవరకు వేచియుండుటకు నేటి బిడ్డలకు అవకాశము లేదు. కావుననే 2023 జులై 1న కేంద్రప్రభుత్వము కొడవలి కణ వ్యాధి నిర్మూలనకై జాతీయ ఉద్యమమును ఆరంభించినది. రక్తపరీక్షయు, వివాహమునకు ముందు సలహాయు అందులో ముఖ్యములు.

ఈ ఏడు ప్రశ్నలకును సమాధానములు ఒకే దారమున గ్రుచ్చిన పూసలు. వానిని తెలుగులో ఆలోచించి, ఇంటిలో తల్లికి తెలుగులో వివరింపగలిగిన విద్యార్థి, పరీక్షలో ఏ భాషనైనను వ్రాయగలడు. అంతేగాక, పెండ్లిమాటలు జరుగు ఇంట రక్తపరీక్ష మాట నెత్తుటకు వలసిన ధైర్యము అతనికి కలుగును. కళాశాలలో చదివిన జీవశాస్త్రము ఈ సీమలో మొదట ఫలింపవలసిన చోటు అదియే.