శక్కర్, చక్కెర, షుగర్

బోధన్‌లో శక్కర్‌నగర్ ఉంది. నిజాం షుగర్ ఫ్యాక్టరీ పక్కన వెలసిన బస్తీ అది. ఉర్దూలో శక్కర్ అంటారు. తెలుగులో చక్కెర అంటాం. ఫ్యాక్టరీ పేరులో షుగర్ అని ఉంది. చూస్తే మూడూ వేరు వేరు మాటలు. కాని మూడూ ఒక్క తల్లి పిల్లలే.

ఆ తల్లి పేరు శర్కర. ఇది సంస్కృతం మాట. శర్కర అంటే గరుకు ఇసుక, చిన్న చిన్న రాళ్ళు అని అర్థం. చెరుకు రసం బాగా కాచితే చివరకు పలుకులు కడుతుంది గదా! చేతిలో పోసుకుంటే ఇసుకలాగే గరగరమంటుంది. అందుకే దానికీ ఆ పేరే వచ్చింది.

మన దేశం నుంచి చక్కెర పడమటి దేశాలకు పోయింది. సరుకు వెంట పేరు కూడా పోయింది. ఇరాన్ వాళ్ళు షకర్ అన్నారు. అరబ్బులు సుక్కర్ అన్నారు. ఇటలీ వాళ్ళు జుక్కెరో అన్నారు. ఫ్రాన్స్ వాళ్ళు సూక్ర్ అన్నారు. ఫ్రెంచి వాళ్ళ దగ్గర నుంచి ఇంగ్లీషు వాళ్ళు తీసుకున్నారు. ఇది సుమారు 700 ఏళ్ళ కిందటి సంగతి. తర్వాత ఇంగ్లీషు వాళ్ళ వెంట ఆ మాట షుగర్ అయి మన దేశానికే వచ్చింది. అత్తగారింటికి పోయిన పిల్ల కట్టూ బొట్టూ మారి పుట్టింటికి వచ్చినట్లు!

ఈ మాటతో బడి పిల్లలకు తిప్పలే. 'ఎస్' అక్షరం రాసి 'ష' అని చదవాలి. వెనకట ఇంగ్లీషు వాళ్ళు 'స్యుగర్' అన్నట్లు పలికేవారు. పలకగా పలకగా 'స్యు' కాస్తా 'షు' అయింది. రాత మాత్రం మారలేదు. పిల్లలు తప్పు రాస్తే కొట్టకండి. ఆ తప్పు వాళ్ళది కాదు.

బోధన్ ఫ్యాక్టరీని 1937లో స్థాపించారు. నిజాంసాగర్ నీళ్ళతో చెరుకు పండింది. ఆసియాలోనే పెద్ద ఫ్యాక్టరీ అని పేరు వచ్చింది. 2015 డిసెంబరులో అది మూతపడింది. ఎన్నో ఇళ్ళలో జీతం ఆగింది. శక్కర్‌నగర్ అనే పేరు మిగిలింది.

ఇప్పుడు షుగర్ అంటే ముందు జబ్బే గుర్తుకు వస్తుంది. "మా అత్తకు షుగర్ ఉన్నది" అంటారు. ఈ జబ్బు అసలు పేరు మధుమేహం. నెత్తురులో చక్కెర ఎక్కువ కావడమే ఈ జబ్బు. చక్కెర మాని బెల్లం చాయ్ తాగితే ఏమీ కాదని కొందరు అనుకుంటారు. బెల్లం కూడా చెరుకు రసమే కదా! అన్నం కూడా కడుపులో చక్కెరగానే మారుతుంది.

దవాఖానలో నెత్తురు పరీక్ష చేసి చీటీ ఇస్తారు. అది ఇంగ్లీషులో ఉండవచ్చు. అంకెలు మాత్రం మనం నేర్చుకున్నవే. పొద్దున ఏమీ తినక ముందు, చాయ్ కూడా తాగక ముందు చేసిన పరీక్షలో 100 కన్న తక్కువ రావాలి. 100 నుంచి 125 దాకా ఉంటే జబ్బు ఇంకా రాలేదు గాని, దగ్గరలో ఉందని అర్థం. 126 గాని, అంతకన్న ఎక్కువ గాని ఉంటే డాక్టరు మళ్ళీ పరీక్ష చేయించి మందుల సంగతి చెబుతారు. తిన్న తర్వాత చేసిన పరీక్షకు ఈ లెక్క పనికిరాదు. ఎప్పుడు తిన్నారో డాక్టరుకు ముందే చెప్పాలి.