మట్టి రంగు చెప్పే నీటి కథ

విశాఖపట్నం నుంచి కోర్బా వెళ్ళే ఎక్స్‌ప్రెస్ రైల్లో మీరు ఏప్రిల్ నెలలో ప్రయాణం చేస్తున్నారనుకోండి. రాయపూర్ దాటాక రైలు తిల్దా-నేవరా స్టేషను మీదుగా పోతుంది. కిటికీలోంచి చూస్తే కనుచూపు మేర ఎండిపోయిన గడ్డి, దాన్ని కొరుకుతూ తిరిగే పశువులు, నెర్రెలు విచ్చిన వరి మళ్ళు కనిపిస్తాయి. ఇక్కడి రైతుకు నీటి కరువు తప్ప వేరే బాధ ఉండదనిపిస్తుంది.

అదే దారిలో ఆగస్టులో వెళ్ళి చూడండి. ఆ మళ్ళలోనే మోకాలి దాకా దిగబడే బురద ఉంటుంది. నాలుగు నెలల క్రితం చుక్క నీరు లేని నేలలో ఇప్పుడు నీరు ఎలా బయటికి పంపాలా అని రైతు గట్లు తెగ్గొడుతుంటాడు.

ఇప్పుడు మీకొక ప్రశ్న. ఏప్రిల్‌లో ఒకాయన మిమ్మల్ని పిలిచి ఎండిన పొలం చూపించి, "ఇందులో శనగ వేస్తే పండుతుందా?" అని అడిగాడు. ఆ నేలలో వానాకాలంలో నీరు ఎంత లోతున, ఎన్నాళ్ళు నిలుస్తుందో తెలియకుండా జవాబు చెప్పలేరు. ఆగస్టు దాకా ఆగుదామంటే కుదరదు. మరెలా?

ఒక గడ్డపార, ఒక పార చాలు. మోకాలి లోతున గొయ్యి తవ్వి మట్టి రంగు చూస్తే, గడిచిన వానాకాలాల సంగతి చాలా వరకు తెలుస్తుంది. అది ఎలా సాధ్యమో చూద్దాం.

ఒకే వాలు, అయిదు నేలలు

మన రైతులు నేలను చెలక, దుబ్బ, గరప, రేగడి అని పిలిచినట్టే ఛత్తీస్‌గఢ్ రైతులకూ తమ పేర్లున్నాయి. అవి ఎత్తు నుంచి పల్లానికి వరుసగా ఉండటం విశేషం. అందరికన్నా ఎత్తున ఉండేది 'భాటా'. ఎర్రటి గులకరాళ్ళతో నిండిన పలుచని నేల ఇది. ఇక్కడ గడ్డి, తుప్పలు తప్ప ఎక్కువ పెరగవు. వాన కురిసిన వెంటనే నీరు జారిపోతుంది. దాని కింది వాలులో పసుపుపచ్చని తేలిక నేల 'మటాసి'. ఇంకా దిగువన మధ్య రకం బంకనేల 'డోర్సా'. పల్లంలో నల్లని బరువు నేల 'కన్హార్'. చివరగా ఏటి ఒడ్డున ఒండ్రునేల 'కఛార్'. ఇది మన గోదావరి లంక భూములను గుర్తుకు తెస్తుంది.

కన్హార్ మనకు కొత్త కాదు. అది నల్లరేగడి వర్గానికే చెందుతుంది. ఇంగ్లీషు భూగోళ పుస్తకాల్లో నల్లరేగడిని 'రెగుర్' అంటారు. ఆ మాట మన 'రేగడి' నుంచి వెళ్ళిందే.

ఎత్తు నుంచి పల్లానికి గొలుసులా మారే ఈ నేలల వరుసను శాస్త్రజ్ఞులు 'కాటినా' అంటారు. లాటిన్‌లో ఆ మాటకు గొలుసు అని అర్థం. తూర్పు ఆఫ్రికా పచ్చికబయళ్ళలో పనిచేసిన జెఫ్రీ మిల్న్ అనే శాస్త్రజ్ఞుడు 1935లో ఈ పేరు పెట్టాడు. అక్కడ కూడా మిట్టల మీద ఎర్రమట్టి, పల్లాల్లో వానాకాలంలో నీరు నిలిచి ఎండాకాలంలో పగుళ్ళు తీసే నల్లమట్టి ఉంటాయి. అంటే తిల్దా రైతు నోటి మాటల్లో ఉన్న జ్ఞానానికే మిల్న్ ఒక శాస్త్రీయ నామం ఇచ్చాడన్నమాట.

ఏటి పక్కన నీరెందుకు నిలుస్తుంది?

తిల్దా ప్రాంతపు నీరు ఖారున్, శివనాథ్ నదుల్లోకి చేరుతుంది. ఖారున్ శివనాథ్‌లో, శివనాథ్ మహానదిలో కలుస్తాయి. నది పక్కనే ఉన్న పొలంలో నీరు వెంటనే నదిలోకి పోవాలి కదా అని మీరు అనుకోవచ్చు. చాలా చోట్ల జరిగేది దీనికి వ్యతిరేకం.

వరద వచ్చినప్పుడు నది గట్టు దాటుతుంది. గట్టు దాటగానే నీటి వేగం తగ్గుతుంది. బరువైన ఇసుక ముందుగా గట్టు దగ్గరే పడిపోతుంది. సన్నని బంకమట్టి రేణువులు మాత్రం నీటితోపాటు దూరంగా వెళ్ళి, నీరు కదలకుండా నిలిచిన చోట మెల్లగా అడుగుకు చేరతాయి. ఏళ్ళ తరబడి ఇలా జరిగేసరికి గట్టు వెంట ఇసుక మిట్ట, దాని వెనుక బంకమట్టి పల్లం తయారవుతాయి. ఆ పల్లంలోని నీరు నదిలోకి పోవాలంటే మిట్ట అడ్డం. కిందికి ఇంకాలంటే బంకమట్టి అడ్డం. ఈ ప్రాంతంలో ఏడాదికి సుమారు 1200 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. అందులో అధిక భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే పడిపోతుంది. ఆ నాలుగు నెలలూ పల్లానికి ఊపిరాడదు.

నేలలోంచి నీరు ఎంత త్వరగా తొలగిపోతుందో దాన్నిబట్టి మృత్తికా శాస్త్రజ్ఞులు నేలలను ఏడు తరగతులుగా విభజిస్తారు. ఒక చివర ఇసుక మిట్టల వంటివి. వాటిలో నీరు నిలవనే నిలవదు. మరో చివర ఏడాదిలో ఎక్కువ కాలం నీటిలో నానే చిత్తడి నేలలు. ఆ చిత్తడి చివర నుంచి లెక్కపెడితే మూడో మెట్టు మీద ఉండేవి 'మురుగు కొంత మందంగా పోయే' నేలలు. వీటిలో పంట పెరిగే కాలంలో చాలా రోజులపాటు వేళ్ళుండే లోతులోనే నీరు ఉంటుంది. తర్వాత పూర్తిగా ఆరిపోతుంది. ఏప్రిల్‌లో చూసిన వారిని మోసగించేవి ఇవే.

నీటి కింద మట్టి ఊపిరి

మట్టిలో సగం దాకా ఖాళీ జాగానే. ఆ సందుల్లో గాలి, నీరు ఉంటాయి. వేళ్ళు, సూక్ష్మజీవులు ఆ గాలిలోని ఆక్సిజన్‌ను పీలుస్తాయి. సందులన్నీ నీటితో నిండితే ఏమవుతుంది? నీటిలో ఆక్సిజన్ వ్యాపించే వేగం గాలిలో కంటే సుమారు 10,000 రెట్లు తక్కువ. అందువల్ల వెచ్చని నేలలో మిగిలి ఉన్న ఆక్సిజన్‌ను సూక్ష్మజీవులు ఒకటి రెండు రోజుల్లోనే వాడేస్తాయి.

ఆక్సిజన్ అయిపోయినా కొన్ని రకాల సూక్ష్మజీవులు బతకగలవు. కుళ్ళే గడ్డి, వేళ్ళ నుంచి శక్తిని తీసేటప్పుడు విడుదలయ్యే ఎలక్ట్రానులను అవి ఇంకెవరికైనా అప్పగించాలి. ముందు నైట్రేటుకు అప్పగిస్తాయి. అది అయిపోతే మాంగనీసుకు, తర్వాత ఇనుముకు, ఆ తర్వాత సల్ఫేటుకు. చివరికి మీథేన్ వాయువు తయారవుతుంది. వరి మడిలో అడుగు వేస్తే పైకి వచ్చే బుడగల్లో ఉండేది ఆ మీథేనే.

మనకు కావలసిన సాక్షి ఈ వరుసలోని ఇనుము. గాలి తగిలే నేలలో ఇనుము ఫెర్రిక్ రూపంలో ఉంటుంది. అది తుప్పు వంటిదే, నీటిలో కరగదు. ఇసుక, బంక రేణువులకు పూతలా అంటుకొని మట్టికి రంగు ఇస్తుంది. బాగా ఆరే భాటాలో హెమటైట్ అనే ఖనిజం వల్ల ఎరుపు, కాస్త తేమ ఎక్కువ ఉండే చోట గోథైట్ అనే ఖనిజం వల్ల పసుపు వస్తాయి. నీరు నిలిచి ఆక్సిజన్ లేనప్పుడు సూక్ష్మజీవులు ఫెర్రిక్ ఇనుమును ఫెర్రస్ ఇనుముగా మారుస్తాయి. ఇది నీటిలో కరుగుతుంది. పూత కరిగి పోగానే రేణువుల అసలు రంగు, అంటే బూడిద రంగు బయటపడుతుంది.

కరిగిన ఇనుము నీటితోపాటు కొంత దూరం నడుస్తుంది. నీరు తగ్గి, పాత వేరు దారుల్లోంచి, పగుళ్ళలోంచి గాలి లోపలికి రాగానే అది మళ్ళీ తుప్పుగా మారి అక్కడే ఆగిపోతుంది. ఇలా ఏటేటా జరిగితే బూడిద రంగు మట్టిలో నారింజ రంగు మచ్చలు, వేరు దారుల వెంట తుప్పు గీతలు ఏర్పడతాయి. మాంగనీసు కూడా ఇలాగే కదిలి నల్లని చిన్న గుండ్లుగా గట్టిపడుతుంది.

గోతిలో ఏం చూడాలి?

గొయ్యి గోడను కత్తితో చెక్కి, కాస్త నీరు చిలకరించి చూడండి. పై నుంచి కింది దాకా ఒకే ఎరుపు లేదా గోధుమ రంగు ఉంటే నీరు నిలవలేదని అర్థం. కిందంతా ఒకే బూడిద రంగు ఉంటే ఆ లోతు చాలా కాలం నీటిలో మునిగి ఉందని అర్థం. బూడిద, నారింజ కలిసిన మచ్చలుంటే నీరు వచ్చి పోతూ ఉందన్నమాట. ఆ మచ్చలు ఏ లోతులో మొదలయ్యాయో కొలవండి. చాలా వానాకాలాల్లో నీరు అంత వరకు పైకి వచ్చి నిలుస్తోందని అంచనా వేయవచ్చు.

రంగును ఒక్కొక్కరు ఒక్కో విధంగా చెబుతారు కనుక శాస్త్రజ్ఞులు మున్సెల్ రంగుల పుస్తకాన్ని వాడతారు. దీనికి మూలమైన పద్ధతిని రూపొందించిన ఆల్బర్ట్ మున్సెల్ అమెరికాలో చిత్రకళ బోధించిన ఉపాధ్యాయుడు. మన దేశంలో నేలల సర్వే చేసే జాతీయ సంస్థ నాగపూర్‌లో ఉంది. 1976లో ఏర్పడిన ఆ సంస్థ సర్వేయర్లు కూడా గోతిలో దిగి ఈ పుస్తకంతోనే రంగు పోల్చుతారు.

అయితే రెండు జాగ్రత్తలు అవసరం. కన్హార్ వంటి నల్లమట్టిలో నలుపు మచ్చలను కప్పేస్తుంది. అక్కడ మచ్చలు కనిపించలేదని నీరు నిలవదనుకోకూడదు. రెండోది, మచ్చలు త్వరగా చెరిగిపోవు. ఏరు లోతుగా కోసుకుపోయినా, కాలువ తవ్వి మురుగు తీసినా పాత మచ్చలు చాలా కాలం అలాగే ఉంటాయి. అందుకని రంగు చూశాక ఊరి పెద్దలను కూడా అడగాలి.

శనగ వేయాలా, తివరా చల్లాలా?

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. వరికి ఈ నేల బాధ లేదు. దాని కాండంలో, వేళ్ళలో గాలి గొట్టాలుంటాయి. ఆకుల నుంచి ఆక్సిజన్ వాటి గుండా వేరు కొసకు చేరుతుంది. వరి మొక్కను పీకి చూస్తే వేళ్ళ చుట్టూ తుప్పు రంగు పూత కనిపించేది అందుకే. శనగకు ఈ సౌకర్యం లేదు. నీరు నిలిస్తే దాని వేళ్ళు ఊపిరాడక కుళ్ళుతాయి.

ఎరువు విషయంలో మరో నష్టం ఉంది. నేల ఆరినప్పుడు సూక్ష్మజీవులు నత్రజనిని నైట్రేటుగా మారుస్తాయి. మళ్ళీ మునిగినప్పుడు వేరే సూక్ష్మజీవులు ఆ నైట్రేటును వాయువుగా మార్చి గాలిలోకి వదిలేస్తాయి. నేల ఎన్నిసార్లు తడిసి ఆరితే రైతు డబ్బు అన్నిసార్లు గాలిలో కలుస్తుంది.

ఇలాంటి నేలకు ఛత్తీస్‌గఢ్ రైతులు కనుక్కున్న ఉపాయం 'ఉతేరా'. వరి కోతకు ముందే, మడిలో తడి ఉండగానే తివరా గింజలు చల్లుతారు. కృష్ణా డెల్టాలో మన రైతులు మాగాణిలో మినుము చల్లినట్టే. తివరాకు మరో పేరు ఖేసరి. మొదట్లో ఉన్న అతి తడిని, తర్వాత వచ్చే బెట్టను రెండింటినీ తట్టుకునే అరుదైన పంట అది. దుక్కి అక్కరలేదు, నీరు పెట్టనక్కరలేదు.

కాని ఆ గింజలో ఒక విషం ఉంది. మిగతా పంటలు పోయిన ఏళ్ళలో బీదలకు అదే ముఖ్య ఆహారమయ్యేది. నెలల తరబడి తిన్నవారికి కాళ్ళు పడిపోయేవి. 1829 నుంచి మూడేళ్ళు సాగర్ ప్రాంతంలో వడగళ్ళు, అనావృష్టి, తెగులు వల్ల గోధుమ పోయింది. తివరా మాత్రం విరగపండింది. 1833 నుంచి ఆ గ్రామాల యువకులకు నడుము కింద చచ్చుపడటం చూసి స్లీమన్ అనే ఆంగ్ల అధికారి నమోదు చేశాడు. ఆ విష పదార్థాన్ని 1964లో ఎస్.ఎల్.ఎన్. రావు, పి.ఆర్. అడిగ, పి.ఎస్. శర్మ గింజల నుంచి వేరుచేశారు. పప్పును ఎక్కువ వేడినీటిలో నానబెట్టి ఆ నీరు పారబోస్తే విషం చాలా వరకు తగ్గుతుందని హైదరాబాదులోని పోషకాహార పరిశోధకులు చూపారు. 1961లో వచ్చిన నిబంధనల వల్ల అనేక రాష్ట్రాల్లో ఖేసరి అమ్మకం నిషేధించబడింది. సాగు మాత్రం ఆగలేదు. ఎందుకు ఆగలేదో ఇప్పుడు మీకు తెలుసు. ఆ నేలలో, ఆ తడిలో అంత తేలికగా పండే మరో పంట రైతుకు దొరకలేదు. రాయపూర్‌లోని ఇందిరాగాంధీ కృషి విశ్వవిద్యాలయం విషం తక్కువగా ఉండే ప్రతీక్, మహాతివరా వంటి రకాలను తయారుచేసింది.

కాబట్టి ఆ పొలం యజమానికి మీ జవాబు గొయ్యి మీద ఆధారపడుతుంది. మచ్చలు మోకాలి లోతు దిగువన మొదలైతే శనగ ప్రయత్నించవచ్చు. జానెడు లోతులోనే మొదలైతే ముందు వాలు చూసి మురుగు కాలువ తీయాలి, లేదా ఎత్తు మళ్ళు చేసి విత్తాలి. అదీ వీలుకాకపోతే విషం తక్కువ రకం తివరాయే మేలు. గట్ల మీద నల్లతుమ్మ పెంచడం ఛత్తీస్‌గఢ్‌లో పాత అలవాటు. అది తడినీ, ఎండనూ ఓర్చుకుంటుంది.

మీరూ చేసి చూడండి

రెండు గాజు సీసాలు తీసుకోండి. ఒక్కోదానిలో సగం దాకా ఎర్రమట్టి పోసి, చెంచాడు బియ్యపు పిండి, కాస్త తరిగిన గడ్డి కలపండి. ఒకదానిలో మట్టి తడిసేటంత మాత్రమే నీరు చల్లండి. రెండోదానిలో మట్టి మీద రెండు అంగుళాల నీరు నిలిచేలా పోయండి. వాయువులు పుడతాయి కనుక మూతలు బిగించకండి, వదులుగా పెట్టండి. రెండు మూడు వారాలు నీడలో ఉంచి రోజూ రంగు రాసుకోండి. రెండో సీసాలో అడుగు నుంచి ఎరుపు వెలిసి బూడిద రంగు తిరుగుతుంది. పైన, నీటికి ఆనుకున్న చోట మాత్రం సన్నని గోధుమ పొర మిగులుతుంది. ఎందుకో ఆలోచించండి. తర్వాత ఆ బూడిద మట్టిని కాగితం మీద పరిచి గాలికి ఆరబెట్టండి. తుప్పు రంగు మళ్ళీ రావటం మీరే చూస్తారు. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

ఆ తర్వాత మీ ఊరి చెరువు గట్టు నుంచి పల్లం దాకా నడిచి, మూడు చోట్ల గోతులు తవ్వి చూడండి. చూడటం అయ్యాక వాటిని పూడ్చటం మరువకండి. పొలం ఎవరిదో ఆ రైతును ముందే అడిగి, మీరు చూసింది ఆయనకు కూడా చూపించండి. ఏ మూల నీరు నిలుస్తుందో ఆయనకు ఎప్పటి నుంచో తెలిసే ఉంటుంది. ఎంత లోతున నిలుస్తోందో మీ గొయ్యి చెబుతుంది.