సుడిగుండమును చెక్కిన చిత్రకారుడు

విదేశములకు పోయి వచ్చిన చిత్రకారుని బొమ్మ అర్థము కాదను అపవాదు మనలో చిరకాలముగ కలదు. అచటి గాలి సోకినంతనే కన్నులు, ముక్కులు, చెట్లు, చేమలు కుంచెకు దూరమగునని పలువురి తలంపు. ఇది ఎంతవరకు నిజమో పరీక్షింపగోరువారికి శ్రీ కృష్ణారెడ్డిగారి కళాజీవితము మంచి నిదర్శనము.

వారు 1925 లో చిత్తూరు ప్రాంతమున నందనూరులో జన్మించిరి. శాంతినికేతనమున నందలాల్ బోసుగారి శిష్యులైరి. ఆకును, పురుగును, పారు నీటిని కన్నార చూడనిదే గీత గీయరాదనునది ఆ గురుకులపు పద్ధతి. పిదప మద్రాసు కళాక్షేత్రమున కొంతకాలము బోధించి, 1951 ప్రాంతమున లండను చేరి స్లేడ్ కళాశాలలో హెన్రీ మూర్ వద్దను, తరువాత పారిస్‌లో జాడ్కిన్ వద్దను శిల్పవిద్య నభ్యసించిరి. అచటనే హేటర్ నడుపుచుండిన ‘అటెలియే 17’ అను ముద్రణశాల వారి దృష్టి నాకర్షించెను.

ఆ శాలలో జరిగిన పని కొంత వివరింపదగినది. పూర్వము రంగుల ముద్ర తీయవలెనన్న, సామాన్యముగ ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క ఫలకము కావలసియుండెను. హేటర్, కృష్ణారెడ్డి, మరియొక భారతీయుడు కైకో మోతీ మున్నగువారు ఒకే ఫలకముపై పెక్కు రంగులు నిలుపు ఉపాయమును సాధించిరి. ఫలకమును మిట్టపల్లములుగ చెక్కుదురు. గట్టి రోలరు మిట్టలనే తాకును. మెత్తని రోలరు పల్లములకును దిగును. ఒక రంగులో నూనె హెచ్చు, వేరొకదానిలో తక్కువ. నూనె హెచ్చుగనున్న చోట చిక్కని రంగు అంటదు. పనసకాయ కోయబోవుచు చేతులకు నూనె రాచుకొను మన ఇల్లాండ్రకు ఈ సూత్రము క్రొత్తది కాదు! నూనె పూసిన చేతికి పనసపాలు పట్టదు గదా.

ఈ విధముగ 1963 లో వెలువడినది ‘సుడిగుండము’. ఇందు గట్టు లేదు, పడవ లేదు. కేంద్రము నుండి వెలికి విచ్చుకొనుచు, మరల లోనికి లాగికొనుచున్న వేగము మాత్రమే కలదు. సంగము వద్ద నాగావళి, సువర్ణముఖి, వేగావతి కలియు తావున వరదనాడు నిలిచి చూచిన మా శ్రీకాకుళపు బాలునకు దీని నెవ్వరును బోధింపనక్కరలేదు. అట్టి బాలుడు తరగతిలో వట్టి మెలికలు గీసి ‘ఇదే ఏరు’ అన్నచో, గట్టును, కొబ్బరిచెట్టును చేర్చుమని దిద్దు ఉపాధ్యాయులు ఒక్క క్షణమాగవలెనని నా మనవి.

కావున విదేశయానము ఆయన కన్నులను మార్చలేదు. చూచుట శాంతినికేతనమున నేర్చిరి. రేకును శిల్పమువలె తొలుచు ధైర్యము పశ్చిమమున లభించెను. అయితే పారిస్ వట్టి పనిముట్లనే ఇచ్చెననుట అన్యాయము. 1968 లో ఆ నగరమున విద్యార్థులు వీధుల కెక్కిరి. ఆ ఏటి ‘ప్రదర్శకులు’ అను ముద్రాచిత్రమునకు ఆ కల్లోలమే ప్రేరణము. నీటిని చెక్కిన చేయియే జనసమూహమును చెక్కినది.

1972 లో పద్మశ్రీ పొందిన కృష్ణారెడ్డిగారు 1976 లో న్యూయార్కు చేరి, అచట విశ్వవిద్యాలయమున ముద్రణకళ బోధించుచు, 2018 ఆగస్టులో అచటనే కన్నుమూసిరి.