గోమాళమునందలి పచ్చిక

కోలారు జిల్లా పల్లెలలో పశువుల మేతకై విడిచిన ఉమ్మడి భూమిని గోమాళమందురు. అందు ఒకే గడ్డి పెరిగిన చాలదా యని విద్యార్థులు మమ్ము అడుగుదురు. చాలదనియే మా సమాధానము.

ఆవు పొడవైన గడ్డిని నాలుకతో చుట్టి లాగి మేయును. గొఱ్ఱె నేలనంటిన లేతాకులను పెదవులతో ఏరి కొఱుకును. గరిక వంటి గడ్డి కడుపు నింపును. పిల్లిపెసర వంటి పప్పుజాతి తీగలు మాంసకృత్తులనిచ్చును; వాని వేళ్ల బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని గ్రహించి నేలకు సారము చేకూర్చును. వేసవిలో పచ్చిక యెండినపుడు నల్లతుమ్మ కాయలు మందను ఆదుకొనును. మేత పలువిధములుగా నున్నచో ఒకటి యెండినను వేఱొకటి నిలుచును.

లంటానా పొదలు క్రమ్మిన చోట గడ్డి నశించును. ఆకలికి ఆ ఆకు మేసిన పశువునకు కాలేయము చెడును.

2001లో మన బంగారు గనులు మూతబడెను. గోమాళము ఏటేటా చిగుర్చు సంపద; దానిని కాపాడుకొనుట మన చేతిలోనే యున్నది.