గురువు ఒప్పుకోని దారి

మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలో మైసమ్మగూడ, ఘట్‌కేసర్ దారుల్లో పొద్దున్నే కాలేజీ బస్సులు బారులు తీరతాయి. వాటిలో కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లలతో పాటు చెప్పే మాస్టార్లూ ఉంటారు. ఆ మాస్టార్ల పనితనాన్ని ఉత్తీర్ణత శాతంతో, ప్లేస్‌మెంట్లతో, అచ్చయిన పేపర్లతో కొలుస్తున్నాం. తాను నమ్మని ఆలోచనను శిష్యుడు చేసి చూడటానికి గురువు ఎంత చోటిచ్చాడన్నది మాత్రం ఏ ఫైల్లోనూ ఉండదు. కంప్యూటర్ శాస్త్రంలో అసలు కొలత అదేనని నా వాదన.

అలా చోటిచ్చిన గురువు ఒకరున్నారు. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన దబ్బాల రాజగోపాల్ రెడ్డి, అందరూ పిలిచే రాజ్ రెడ్డి, చెన్నైలోని గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివింది సివిల్ ఇంజనీరింగ్. స్టాన్‌ఫర్డ్‌లో జాన్ మెకార్తీ దగ్గర 1966లో పీహెచ్‌డీ చేసి, 1969లో కార్నెగీ మెలన్‌ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. ధ్వని, వ్యాకరణం, సందర్భం గురించి మనిషికి తెలిసినదంతా అందిస్తే యంత్రం మాటను పట్టుకుంటుందన్నది మాటలను గుర్తుపట్టే వ్యవస్థ హియర్సే మీద ఆయన చేసిన పరిశోధనకు ఆధారం. అక్కడే జేమ్స్ బేకర్ సంభావ్యత లెక్కలు నమ్ముకుని డ్రాగన్ అనే మరో వ్యవస్థను తయారుచేశాడు. రెండింటి మేలూ కలిపి బ్రూస్ లోవెర్ 1976లో చేసిన హార్పీ వెయ్యి మాటల దాకా గుర్తుపట్టింది. 1980ల్లో రెడ్డి శిష్యుడు కై-ఫు లీ కూడా లెక్కల దారే కావాలన్నాడు. రెడ్డికి ఆ పద్ధతి మీద నమ్మకం లేదు. అయినా వద్దనలేదు, వనరులు సమకూర్చారు. 1988 నాటికి లీ చేసిన స్ఫింక్స్, ఎవరు మాట్లాడినా, మాటకీ మాటకీ మధ్య ఆగకపోయినా అర్థం చేసుకుంది. పద్ధతి విషయంలో గురువు అంచనా తప్పింది, ఆయన కోరుకున్న పని మాత్రం జరిగింది. కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నత పురస్కారమైన 1994 ట్యూరింగ్ అవార్డును రెడ్డి ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి అందుకున్నారు.

రెడ్డి పరిశోధనకు అందినట్టు అమెరికా రక్షణ శాఖ నిధులుంటే ఎవరైనా ఉదారంగా ఉంటారు కదా అనొచ్చు. నిధులు నిజమే. కానీ ఆ డబ్బును తన పద్ధతికే ఖర్చుపెట్టుకునే అధికారమూ ఆయనకుంది. పునాదే లేని పిల్లలకు స్వేచ్ఛ ఎందుకన్నది ఇంకాస్త గట్టి ప్రశ్న. దానికి జవాబు 2008లో మొదలైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం (ఆర్జీయూకేటీ)లో దొరుకుతుంది. రెడ్డి తొలి ఛాన్సలర్‌గా ఉన్న ఆ సంస్థ, పల్లె పిల్లలను పదో తరగతి కాగానే ఆరేళ్ల చదువులోకి తీసుకుంది. అందులో తొలి రెండేళ్లూ పునాదికే. పునాది వేసి ఆపైన వదలాలి, పునాది పేరు చెప్పి కట్టేయడం వేరు. మన ల్యాబ్ రికార్డుల్లో జవాబు ముందే తెలిసిన ప్రోగ్రాములే ఉంటాయి. ఆఖరి ఏడాది ప్రాజెక్టు హైదరాబాద్ అమీర్‌పేటలో రెడీమేడ్‌గా కొన్నదైతే అందులో గురువుతో విభేదించేందుకైనా ఏముంటుంది? ఏడాదికి ఒక్క బ్యాచ్‌కైనా, గైడ్‌కు నచ్చని పద్ధతిలో ప్రాజెక్టు చేసుకోనిచ్చి, పని చేయకపోయినా ఎందుకు చేయలేదో రాసినదానికి మార్కులేయడానికి రక్షణ శాఖ నిధులేమీ అక్కర్లేదు.